వృత్తి అన్న గడిలో

ఏమండీ,

మీ సంవత్సరీకం అయిన వారానికి పన్ను ఫారం నేనే నింపాను. మీరు పోయాక మన పేట టాంపినీస్‌లో పిల్లలకు తెలుగు ట్యూషన్లు చెప్పి సంపాదించినదంతా చూపించాను. రాఫెల్స్ ప్లేస్‌లో, ఆ బ్యాంకుల మేడల మధ్య, ఉద్యోగం వెలగబెడుతున్న మీ కొడుకు నవ్వాడు.

"ఎందుకమ్మా? అది నీ కాలక్షేపం. ఎవరడుగుతారు?"

"ముందు నీ జీతాన్ని కాలక్షేపమని రాయరా, చూద్దాం!"

సొంతంగా పనిచేసేవాళ్ళు ఈ దేశంలో పన్నుతో పాటు తమ వైద్యపు పొదుపు ఖాతాలోనూ కొంత వేయాలి. అదీ దండగన్నాడు. వేశాను. రేపు నా మోకాళ్ళ ఖర్చు నాదే.

మీరు ప్రతి ఫారంలోనూ, నన్నడక్కుండానే, నా వృత్తి దగ్గర "ఏమీ లేదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు. ఈసారి నేను "ఉపాధ్యాయురాలు, స్వయం ఉపాధి" అని రాశాను. తప్పనిపిస్తే మీరే వచ్చి దిద్దండి.