బురదతో సహా తూకం

ప్రియమైన తమ్ముడికి,

నోటితో చెబితే కుదరదు, ఫిర్యాదు ఉంటే కాగితం మీద రాసివ్వాలన్నావు. మైకు పట్టుకుని పదిమంది ముందు అన్నావు. అక్షరం ముక్క రాని అక్క కాగితం ఎక్కడ తెస్తుందిలే అనుకున్నావు. ఇదిగో కాగితం. నేను చెబుతుంటే పక్కింటి టైలరమ్మ కుట్టుమిషన్ ఆపి మరీ రాస్తోంది. అన్నది అన్నట్టు రాయమన్నాను. తిట్లు సగానికి తగ్గిస్తానంది. మిగతా సగం నువ్వే ఊహించుకో.

సంగతి నీకు తెలుసు. అయినా కాగితం మీద ఉండాలంటావు కనుక మొదటి నుంచీ చెబుతాను. పోయిన ఆదివారం మన రిమోట్ కార్ల క్లబ్బు మట్టి గ్రౌండులో ఈ ఏటి ఆఖరి పోటీ. పాయింట్లలో మొదటి ఎనిమిది మంది ఫైనల్‌కి వెళతారు. జ్వరంతో రెండు పోటీలు పోగొట్టుకున్నదాన్ని, ఇందులో ముందు వరసలో వస్తే తప్ప నాకు దారి లేదు. వచ్చాను. మూరెడు పొడుగు బగ్గీ, డెబ్భై ఒక్కేళ్ళ ముసలిదాని చేతిలో నడిచి రెండో స్థానంలో వచ్చింది. తర్వాత తూకం బల్ల. బల్ల వెనక కార్యదర్శి హోదాలో నువ్వు. పదిహేను వందల గ్రాములు ఉండాలి, పన్నెండు తక్కువ అన్నావు. అనర్హురాలు అన్నావు. చెవిటిదానికి చెప్పినట్టు మళ్ళీ అన్నావు.

దాంతో నేను ఎనిమిది నుంచి తొమ్మిదికి జారాను. తొమ్మిదిలో ఉన్నవాడు ఎనిమిదికి ఎక్కాడు. ఎవరమ్మా ఆ అదృష్టవంతుడు అని టైలరమ్మ అడిగింది. నువ్వేనని చెప్పాను. కలం కింద పెట్టి నవ్వింది.

ఇప్పుడు నా కేసు విను. ముందు రోజు వాన పడి గ్రౌండంతా ముద్ద ముద్దగా ఉంది. మీ బండ్లన్నీ పొట్ట కింద గుప్పెడేసి మట్టితో బల్ల ఎక్కాయి. నేను మాత్రం బ్రష్షుతో తుడిచి, గుడ్డతో ఒత్తి, పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాను. ముప్పై ఏళ్ళు ఫ్యాన్ మోటార్లకి వైండింగ్ చేసిన చేతులివి. మురికి సరుకు బల్ల మీద పెట్టడం నాకు చేతకాదు. మట్టి మోసుకొచ్చినవాళ్ళు దొరలు, తుడిచి తెచ్చినది దొంగా?

నీ బండి ముచ్చట కూడా రాయమంటున్నాను. చక్రాలు పట్టి ఉంచే నీలం రంగు అల్యూమినియం చేతులు, కార్బన్ పలకలు, నెలకో కొత్త రెక్క. అద్దాల బీరువాలో పెట్టుకోవాల్సిన సరుకు. నేను చేసిందల్లా షాక్ అబ్జార్బర్లలో చిక్కటి ఆయిల్ పోసి, బుష్షులు తీసి బేరింగులు వేసి, తేలిక బ్యాటరీకి మారి, మోటారు మూలుగు చెవితో విని పళ్ళచక్రాలు సర్దడం. నువ్వు కేటలాగు చూసి బండి కడతావు, నేను బండిని చూసి కడతాను.

ఇంకో మాట. బయలుదేరే ముందు కిరాణా కొట్టు కాటా మీద తూచాను. శుభ్రంగా ఉన్న బండే సరిగ్గా పదిహేను వందలు. మరి ఆ పన్నెండు గ్రాములు ఎటు పోయాయని ఈ కాగితంలో నేను అడగడం లేదు. నేను అడిగేది బురద సంగతి. అందరి బండ్లూ కడిగి తూచండి. జవాబు కాగితం మీదే పంపు.

నీకన్నా ఎనిమిదేళ్ళు ముందు పుట్టిన,
అక్క
(వేలిముద్ర)

గౌరవనీయులు, ప్రియమైన అక్కయ్యగారికి,

మీ ఫిర్యాదు అందింది. క్లబ్బు తరఫున పరిశీలించడమైనది.

నియమావళి రెండో పేజీ, నాలుగో నియమం ప్రకారం, పోటీ ముగిసిన బండిని తూకం బల్ల చేరేవరకు ఎవరూ తుడవరాదు, కడగరాదు. ట్రాక్ మీది మట్టి బండిలో భాగంగానే లెక్క. ఈ నియమావళి మీతో సహా సభ్యులందరికీ పంపి ఉన్నాం. కనుక మీరు బ్రష్షు ఉపయోగించడమే నిబంధనకు విరుద్ధం. మిగతావారి బండ్ల మీద మట్టి ఉండటం విరుద్ధం కాదు.

మీ ఇంటి దగ్గరి తూకానికీ మా తూకానికీ తేడా ఎందుకు వచ్చిందన్నది క్లబ్బు చూడవలసిన విషయం కాదు. కిరాణా కొట్టు కాటాలు అంత నమ్మదగినవి కావు.

ఈ వయసులో ఇంత పట్టుదల ఆరోగ్యానికి మంచిది కాదని నా మనవి. మోకాలి నొప్పికి రాసిచ్చిన మాత్రలు వేసుకుంటున్నారా?

ఇట్లు,
మీ తమ్ముడు,
కార్యదర్శి

ప్రియమైన కార్యదర్శిగారికి, ఆయన లోపల ఎక్కడైనా మిగిలి ఉంటే నా తమ్ముడికి,

నన్ను 'మీరు' అన్నావు! టైలరమ్మ చదువుతుంటే నీ ఉత్తరం ఇంకెవరికో రావలసింది పొరపాటున వచ్చిందేమో అనుకున్నాను. నీ నిక్కరు గుండీలు పెట్టినదాన్ని నేను. రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై ఏళ్ళు స్టాంపులు గుద్ది గుద్ది, ఇంట్లోవాళ్ళని కూడా దస్తావేజులుగా చూడటం అలవాటైపోయింది నీకు.

రెండో పేజీ, నాలుగో నియమం అన్నావు. నిజం చెబుతాను, నాకేం భయం? ఆ పేజీ నేను చించాను. పళ్ళచక్రాలు బిగించేటప్పుడు రెంటి మధ్యా కాగితం ముక్క పెట్టి బిగిస్తాం, ఆ కాగితం మందమే వాటికి ఉండాల్సిన సందు. నువ్వు పంపిన పుస్తకం కాగితం మందంగా, గట్టిగా, భలే కుదిరింది. మొదటి పేజీలో బొమ్మ ఉందని వదిలేశాను. రెండో పేజీలో ఒట్టి అక్షరాలే. సన్నగా చీలికలు కోసి డబ్బాలో పెట్టుకున్నాను. చదవడం రానిదానికి పుస్తకం పంపితే ఏం చేస్తుందనుకున్నావు? ఇంటికొచ్చి ఒక్క పూట చదివి వినిపిస్తే నీ హోదా కరిగిపోతుందా? టైలరమ్మ ఆ చీలికలు ఏరి వరసగా పెట్టి చూసింది. నాలుగో నియమం నిజంగానే ఉంది. సరే. బ్రష్షు పట్టడం తప్పే. ఒప్పుకున్నాను.

కానీ ఆ నియమం మంచిదా చెడ్డదా అని కమిటీలో అడుగు. మీ కమిటీలోని పళ్ళ డాక్టరు ఆఖరి చుట్టులో ఏం చేశాడో చూశావా? దారి వదిలి తడి మూలలోంచి బండి తోలాడు. ఎందుకు? మట్టి ఎత్తుకోవడానికి. ఊళ్ళో వాళ్ళ పళ్ళ మీది పాచి గీకే మనిషి, తన బండికి మాత్రం పాచి పెంచుకుంటున్నాడు. ఇదేనా మీ పోటీ? దీనికన్నా ఇటుకలు మోసే పోటీ పెట్టుకోండి.

నీకు తెలియదని అనకు. పోటీలో లేనివాళ్ళు ట్రాక్ పక్కన నిలబడి తిరగబడ్డ బండ్లు ఎత్తిపెట్టాలి, అది మన క్లబ్బు పద్ధతి. నా బ్యాచ్ నడిచినప్పుడు ట్రాక్ మీది రెండో గుట్ట దగ్గర మార్షల్‌గా నిలబడింది నువ్వే. ప్రతి చుట్టులో నా బండి నీ కాళ్ళ ముందు నుంచే పోయింది. అక్కడ ఏం జరిగిందో నీకన్నా బాగా ఎవరికి తెలుసు?

కమిటీలో పెట్టు. బురద సంగతి తేల్చు.

మాత్రలు వేసుకుంటున్నాను.

అక్క
(వేలిముద్ర)

ప్రియమైన అక్కయ్యగారికి,

కమిటీ నిన్న సమావేశమైంది. మీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. ఇటుకల మాట దగ్గర అందరూ నవ్వారు, పాచి మాట దగ్గర పళ్ళ డాక్టరుగారు నవ్వలేదు. ఏడుగురిలో ఐదుగురు బురదతో సహా తూకానికే చేతులెత్తారు. కార్యదర్శిగా నేను ఎటూ ఎత్తలేదు. కనుక ఫలితాలలో మార్పు లేదు.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ఫైనల్. పేర్ల పట్టిక నోటీసు బోర్డులో పెట్టాం. ఎనిమిదో పేరు నాది. పదకొండేళ్ళుగా ఈ క్లబ్బులో ఉన్నాను, ఫైనల్ పట్టికలో నా పేరు చూడటం ఇదే మొదలు. మీరు కూడా సంతోషిస్తారని ఆశ.

మీరు రావాలి. స్టాండు కింద నీడలో మీకు కుర్చీ వేయిస్తాను.

ఇట్లు,
మీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

కుర్చీ వేయిస్తావా. దిండు కూడా వేయించు. విసనకర్ర పట్టుకుని ఊపడానికి ఒక మనిషిని కూడా పెట్టు. బండి నడిపే స్టాండు మీద నిలబడాల్సినదాన్ని దాని కిందే కూలేసి, మర్యాద చేశాననుకుంటున్నావు చూడు, నీ తెలివికి ఏం చెప్పాలి.

కేసు ఓడిపోయాను. ఇక బురద మాట ఎత్తను.

ఫైనల్‌కి వెళుతున్నావు కనుక ఒకటి చెబుతాను, సిగ్గుపడకుండా విను. గుట్ట మీద బండి గాలిలోకి లేచినప్పుడు స్పీడు ఇస్తే ముక్కు లేస్తుంది, బ్రేకు నొక్కితే ముక్కు దిగుతుంది. పదకొండేళ్ళుగా నువ్వు తిరగేసి చేస్తున్నావు. అందుకే రెండో గుట్ట దగ్గర పల్టీ కొడతావు, నీలం రంగు చేతులు లేక కాదు. ఇన్నాళ్ళూ చెప్పలేదేం అంటావేమో. నువ్వు అడగలేదు. నువ్వు నన్ను ఏదీ అడగవు. నియమాలు చెబుతావు, అంతే.

ఈ ఉత్తరానికి నా వైపు నుంచి ఫిర్యాదు లేదు. నీ వైపు నుంచి నాతో చెప్పాల్సింది ఏదైనా ఉంటే చెప్పు. టైలరమ్మ శుక్రవారం దాకా ఖాళీగానే ఉంటానంది.

అక్క
(వేలిముద్ర)

అక్కయ్యా,

ఇది కార్యదర్శి రాస్తున్నది కాదు. నిన్ను 'మీరు' అన్నందుకు ముందు నన్ను క్షమించు. 'నువ్వు' అని రాస్తే నిజం కూడా రాయాల్సి వచ్చేది, అందుకని 'మీరు' అన్నాను.

ఏడో చుట్టులో నీ బండి రెండో గుట్ట మీంచి ఎగిరి నేలకి గట్టిగా తగిలింది. కింద నుంచి ఏదో ఊడి నా వైపు దొర్లింది. చూస్తే సీసం ముక్క. తేలిక బ్యాటరీ వేశాక బరువు సరిపెట్టడానికి నువ్వు కోసి అంటించుకున్నది. ట్రాక్ మీద ఊడిన భాగం మార్షల్‌కి దొరికితే బల్ల దగ్గర ఇవ్వాలి, బండితో కలిపి తూచాలి. ఆ నియమం రాసింది నేనే. ఇద్దామనే జేబులో వేసుకున్నాను అక్కయ్యా, ఒట్టు. బల్ల దగ్గర కాటా మీద అంకె చూశాను. పన్నెండు తక్కువ. నువ్వు పోతే ఆ తర్వాతి పేరు నాదేనని ఆ క్షణంలో తట్టింది. నోరు రాలేదు. ఒకసారి రాకపోయేసరికి ఇక రోజూ రాలేదు.

గుట్ట మీద బ్రేకు సంగతి నువ్వు రాయించినది చదివాక ఇక దాచలేకపోయాను. ఈ ఉదయం కమిటీవాళ్ళని పిలిచి, ముక్క కాటా మీద పెట్టి చూపించాను. పన్నెండు గ్రాములు. బ్రష్షు పట్టినా ముక్కతో కలిపి బరువు సరిపోయింది కనుక ఆ తప్పుకి మందలింపు చాలన్నారు. పట్టికలో నా పేరు కొట్టేసి నీ పేరు రాశారు. పళ్ళ డాక్టరు 'సొంత అక్కకా?' అని ఒక్కమాట అన్నాడు. కార్యదర్శి పదవికి రాజీనామా ఇచ్చాను. సీసం ముక్క ఈ కవరులో పెట్టాను.

నీకు ముఖం చూపించలేను.

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. టైలరమ్మ కళ్ళు ఒత్తుకుంది. నేను ఒత్తుకోలేదు, నీలాంటి వాడి కోసం గుడ్డ తడుపుకోను.

పట్టికలో నా పేరు రాయించానని గొప్పగా రాశావు. నా పేరు నా చోటికి వచ్చింది, నువ్వు పెట్టిన భిక్ష కాదు. రాజీనామా వెనక్కి తీసుకో. ఆ రిజిస్టర్లు పళ్ళ డాక్టరు చేతిలో పడితే మట్టికి కూడా పాయింట్లు వేస్తాడు. నీలాగా గీతలు కొట్టి లెక్కలు రాసే చాదస్తుడు ఆ క్లబ్బులో ఇంకొకడు లేడు. నియమావళి మళ్ళీ పంపేటప్పుడు నువ్వే వచ్చి చదివి వినిపించు.

ఇప్పుడు చెప్పేది టైలరమ్మకి కూడా ఇదే మొదటిసారి వినడం. రాయడం ఆపి నోరు తెరిచి చూస్తోంది. రాయి టైలరమ్మా.

ఆ రోజు స్టాండు మీద నుంచి నేను చూశాను. బండి తేలికై ఒక్కసారి చేతికి తెలిసింది, అందుకే వెనక్కి చూశాను. నువ్వు వంగి ఏదో ఏరావు. చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నావు. తర్వాత బల్ల దగ్గర బండి పెట్టి నీ మొహం చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో నీకు తెలుసు. నువ్వు కాటా వంకే చూశావు.

అక్కడే అరవగలిగేదాన్ని. అరిస్తే పదిమందిలో నా తమ్ముణ్ణి నేనే దొంగని చేసినట్టు. అరవకపోతే తక్కువ బరువు బండి తెచ్చిన దొంగని నేను. ఏం చేయను? బురద పట్టుకున్నాను. ఎవడిక్కావాలి మీ బురద! కాగితం మీద కాగితం పంపుతూ ఉంటే ఎప్పటికో నీ నోరు పెగులుతుందని చూశాను. మూడు పట్టాయి. నాలుగోది పంపేదాన్ని కాదు.

ముఖం చూపించలేనన్నావు. చూపించాలి. ఫైనల్‌లో లేనివాళ్ళు మార్షల్‌గా నిలబడాలి, నీ పద్ధతే కదా. ఆదివారం పది గంటలకు రెండో గుట్ట దగ్గరే నిలబడు. నా బండి తిరగబడితే పరిగెత్తుకొచ్చి ఎత్తిపెట్టు. వంగడం నీకు బాగానే వచ్చు. ఈసారి ఏం దొరికినా చెయ్యి పైకెత్తి అందరికీ చూపించు.

నీ అక్క
(వేలిముద్ర)