వాపు తగ్గాక

నాన్నగారూ,

ఇది మీకు అందదన్న ధైర్యంతోనే రాస్తున్నాను. మీ పోలికతో వచ్చిన ముక్కుని మార్పించుకున్నానండీ. ఏలూరులో ఎవరికీ చెప్పకుండా బ్యాంకాక్ వెళ్లాను. ఆపరేషన్‌కి ముందు డాక్టరు నా ముక్కు దూలం మీద లేచి ఉన్న ఎముక చుట్టూ ఊదారంగు పెన్నుతో గీత గీశారు. సరిగ్గా మీరు కళ్లజోడు పైకి తోసుకునే చోటు. అయినా సరేనన్నాను. తర్వాత కొన్నాళ్లు తలగడలకి ఆనుకుని, నోటితో ఊపిరి పీలుస్తూ కూర్చునే నిద్రపోయాను. పట్టీ తీసి అద్దం ఇచ్చినప్పుడు, అబద్ధమెందుకు, మురిసిపోయాను.

మొన్న మీ తద్దినానికి దెందులూరు వెళ్లాను. మీరు పోయిన ఏడాదే మీ చెల్లెలికి, మా అత్తయ్యకి, చూపు కూడా పోయింది. అప్పట్నించీ ఏటా ఆ రోజు భోజనాలయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా ముక్కు తడిమి, "ఇదిగో మా అన్నయ్య!" అని నవ్వుతుంది. ఈసారి నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. అయినా పిలిచింది. ఆవిడ వేళ్లు నుదుటి మీంచి జారి ముక్కు మీద ఆగాయి. మళ్లీ పైకెళ్లి, మళ్లీ దిగాయి.

"ఏమైందే దీనికి?"

"దెబ్బ తగిలిందత్తయ్యా. వాచింది."

"అయ్యో, నా తల్లే!" అంటూ గబుక్కున చెయ్యి తీసేసింది, నాకు నొప్పెడుతుందేమోనని. "వాపు తగ్గాక ఓసారి రా అమ్మా. అప్పుడు చూస్తాలే అన్నయ్యని."

రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, తగ్గిందా అని అడుగుతోంది, నాన్నగారూ. ఇంకా లేదనే చెబుతున్నాను.