నురగ పీపా, నిమ్మకాయల దండ

ఆదివారం, కోరమండల్ గని కాలనీ

బామ్మర్ది మురళి బెంగళూరులో తానే బీరు కాచి, స్టీలు పీపాలో నింపి మా ఇంటికి తెచ్చాడు. సాయంత్రానికి వాడి ఆఫీసు స్నేహితులు వస్తారు. మధ్యాహ్నం కుళాయి తిప్పితే గ్లాసు నిండా నురగే. బీరును పైకి తోసే గ్యాసు తగ్గిస్తే బీరు సప్పగా ఉంది, పెంచితే మళ్ళీ నురగ.

"బావా, మానం పోతాది. ఏమన్నా చెయ్యి" అన్నాడు. నన్ను పదిమందిలో ఎనిమిదో క్లాసు బావ అని నవ్వేది వీడే.

గనిలో గాలి పైపులు బిగించినవాణ్ణి. పైపు పొడుగయ్యేకొద్దీ ప్రెషరు తగ్గుతుందని నాకు తెలియదా? పీపా నుంచి కుళాయికి వాడు పెట్టిన పైపు మూరెడు కూడా లేదు, అందుకే ఈ నురగ. కానీ ఊరికే చెబితే నేనెందుకవుతాను?

"ఇది దిష్టి అప్పా. గనిలో కొత్త మెషీనుకు కట్టినట్టు దీనికీ నిమ్మకాయలు కట్టాల. పోయి తొమ్మిది తీసుకురా."

వాడు అటు పోగానే, వాడి సంచిలోని కొత్త పైపు ఆరు మూరలు కోసి బిగించి, చుట్టచుట్టి ఐసులో పెట్టాను. వాడొచ్చి దండ కట్టి కుళాయి తిప్పాడు. బంగారు రంగు బీరు, పైన రెండు వేళ్ళ నురగ. గని మూశాక నా చేతిపని ఇంత అందంగా కనబడింది ఇవాళే.

స్నేహితులు మెచ్చుకుంటే మురళి, "అంతా నిమ్మకాయల మహిమ" అన్నాడు. వాళ్ళు పీపాకు దండం పెట్టారు. నా పేరు నా ఎకసెక్కమే మింగేసింది.

పీపా ఖాళీ అయ్యాక పాత పొట్టి పైపే మళ్ళీ బిగించేశాను. వచ్చే పీపా కూడా నురగ కక్కితే ఫోను చేస్తాడు. అప్పుడు నిజం చెప్పాలి. చెబుతానో, గుమ్మడికాయ కొట్టమంటానో...