పై వాటా పీత

పై వాటా తూకాల బాబుకి,
కింది వాటా పిన్ని దీవించి రాసేది.

మెట్ల మీద మాటలకి సాక్ష్యం ఉండదని, ఇంటి సంగతులన్నీ కాగితం మీదే నడపాలని పదకొండేళ్ల కిందట అనుకున్నాం. అందుకే పద్నాలుగు మెట్ల దూరానికి ఈ ఉత్తరం.

మంగళవారం ఇద్దరు మనుషులు ఒక గాజు తొట్టి పైకి మోశారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు. మిషన్ దగ్గర కూర్చుని కంటితోనే కొలిచాను. నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను, నా కన్ను అరంగుళం తప్పదు. నిన్న పది కిలోల ఉప్పు వెళ్లింది. ఒంటి మనిషివి, అంత ఉప్పు దేనికి?

ఒప్పందంలో ఏడో షరతు గుర్తుందా? పెంపుడు జంతువు కనిపిస్తే నెలలో ఇల్లు ఖాళీ. నీకు ముందున్న వాళ్ల కుందేలు నా కస్టమర్ల జాకెట్లు మూడు కొరికేశాక రాయించిన షరతు అది. మార్చేది లేదు.

ఇట్లు,
పిన్ని

తా.క.: తొట్టిలో ఏముందో నిజం చెప్పు. అబద్ధమైతే కుట్టు విప్పినట్టు విప్పేస్తాను.

---

పిన్నిగారికి నమస్కారాలు.

తొట్టిలో ఎవరూ లేరు. నీళ్లు, ఉప్పు, రాళ్లు. లీటరుకు ముప్పై అయిదు గ్రాముల ఉప్పు కలిపితే సముద్రం నీళ్లవుతాయి. వంట ఉప్పు పనికిరాదు, ఇది వేరే ఉప్పు.

చిన్న పగడాల తోట పెంచాలని నా కోరిక. కొత్తగా మొదలుపెట్టేవాడు ఆరు వారాల దాకా ఏ ప్రాణినీ వేయకూడదని పుస్తకంలో ఉంది. ముందు మురికిని శుభ్రం చేసే సూక్ష్మజీవులు రాళ్లలో కాపురం పెట్టాలి. వాటి కోసం ఖాళీ తొట్టికి రోజూ చిటికెడు చేపల మేత వేస్తున్నాను. ఆరు వారాలయ్యాక మీ అనుమతి అడగాలనుకున్నాను.

దయచేసి ఖాళీ చేయమనకండి. నీళ్లతో కలిపి ఆ తొట్టి డెబ్బై రెండు కిలోలు. కదిపితే పని మళ్లీ మొదటికి వస్తుంది. ఇరవై ఆరేళ్లుగా దుకాణాల్లో ఇతరుల తూకం తప్పని రాయడమే నా ఉద్యోగం. సొంతంగా ఒక్కటైనా ఒప్పుగా చేసి చూసుకోవాలని ఉంది.

మీ విధేయుడు,
పై వాటా

తా.క.: ఏడో షరతు మీరలేదు. మీరడానికి లోపల ఎవరైనా ఉండాలి కదా.

---

బాబూ,

ఖాళీ తొట్టికి మేత వేస్తున్నానని రాశావు. రెండుసార్లు చదివాను. మా చెల్లెలికి వినిపిస్తే, "ఆ ముక్క మళ్లీ చదువక్కా" అని మూడుసార్లు చదివించుకుంది. మందుల షాపతన్ని అడిగాను. "లేనివాళ్లకి వడ్డించేవాళ్లకి విశ్రాంతి కావాలండీ" అన్నాడు.

సరే, ఎవరూ లేరనుకుందాం. మరి నువ్వు రోజూ కొలపాత్రతో ముప్పావు లీటరు నీళ్లు పట్టుకెళ్లి అందులో పోస్తున్నావు. బాల్కనీలో నేను చూశాను. రోజూ పోస్తున్నా నిండని తొట్టి ఉంటుందా? ఎవరో తాగుతూ ఉండాలి, లేదా కారుతూ ఉండాలి. సరిగ్గా దాని కింద నా మిషన్ ఉంది.

ఇట్లు,
తల మీద సముద్రంతో, పిన్ని

తా.క.: ప్రస్తుతం గొడుగు కింద కుడుతున్నాను. ఒక కస్టమరు లోపలికి వస్తూ తన గొడుగు కూడా విప్పింది.

---

పిన్నిగారికి నమస్కారాలు.

గొడుగు మడవండి. నీళ్లు కారడం లేదు, గాలిలో ఆవిరైపోతున్నాయి. ఉప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది. అందుకే తగ్గినంత మంచినీళ్లు పోస్తాను. ఉప్పదనం పొద్దునా సాయంత్రం కొలుస్తున్నాను, తేడా లేదు.

అయితే ఒక వాస్తవం దాచలేను. నిన్న మధ్యాహ్నం పన్నెండు ముప్పావుకి ఒక రాతి బొక్కలోంచి పీత బయటికి వచ్చింది. వెడల్పు పదకొండు మిల్లీమీటర్లు. ఆ రాళ్లు సముద్రంలోంచి తెచ్చినవి. వాటిలో దాక్కుని వచ్చేసింది. నేను కొనలేదు, పిలవలేదు, పెంచడం లేదు. గోడ మీద బల్లి ఉంటే దాన్ని పెంపుడు జంతువని ఎవరూ అనరు కదా!

మీ విధేయుడు,
పై వాటా

తా.క.: నాలుగు వారాలుగా నేను వేస్తున్న మేతని తినేవాడు దొరికాడు. మందుల షాపతనికి చెప్పగలరు.

---

బాబూ,

బల్లికి నువ్వు రోజూ భోజనం పెడతావా? నా ఇంట్లో తిండి తిని, రాతి గదిలో దూరి పడుకునేవాడు బల్లి కాడు. పెంపుడు జంతువు కాదని నువ్వే అంటున్నావు. అంటే మనిషిని పెట్టుకున్నట్టే లెక్క. పన్నెండో షరతు చూడు: నాకు చెప్పకుండా వేరొకరిని ఉంచుకోకూడదు. ఏడు తప్పించుకుని పన్నెండులో పడ్డావు.

నెల గడువు ఇవాళ్టి నుంచే. రేపు నువ్వు ఆఫీసుకి వెళ్లాక నా దగ్గరున్న తాళంతో తనిఖీకి వస్తాను. టేపు తెస్తాను.

ఇట్లు,
ఇంటి ఓనరు

తా.క.: వాడు దేనికి భయపడతాడు? వాడి కోసం కాదు, నా జాగ్రత్త కోసం అడుగుతున్నాను.

---

పిన్నిగారికి నమస్కారాలు.

మీ తనిఖీ అయి వారమైంది. నేను గమనించినవి రాస్తున్నాను. వంటింట్లో ఉండే స్టూలు రోజూ సాయంత్రానికి తొట్టి ముందు ఉంటోంది. దాని కింద ఎర్రదారం ముక్కలు. నేను నీళ్లు పోయకపోయినా మట్టం గీత దగ్గరే ఉంటోంది. మేత డబ్బా తూచి చూశాను. నేను రోజుకు అర గ్రాము వేస్తుంటే గ్రాము తగ్గుతోంది. గురువారం తొట్టికి ఎండ తగలకుండా ఒక పచ్చ పరదా వెలిసింది. అంచులు మడిచి కుట్టారు. కొలత ఒక్క నూలు కూడా తప్పలేదు.

ఇది ఎవరి పనో ఊహించడం నా ఉద్యోగం కాదు.

వేరే ఇల్లు వెతుకుతున్నాను. ఇరవై మూడు రోజులున్నాయి. పీత పగడాలని కొరికేసే రకం కావచ్చని, ముందే తీసేయమని పుస్తకంలో ఉంది. వల కొన్నాను. ఆదివారం పట్టి చేపల దుకాణంలో ఇచ్చేస్తాను.

సెలవు,
పై వాటా

తా.క.: మేత ఎక్కువైతే నీళ్లు చెడిపోతాయి. ఎవరైనా సరే, రోజుకు ఒక్క చిటికెడు.

---

తూకాల బాబుకి నోటీసు.

ముందు ఆ వల తెచ్చి నా గుమ్మంలో పెట్టు. తరవాత చదువు.

పాత ఒప్పందం చింపేశాను. కొత్తది జత చేశాను. దాని ప్రకారం పై వాటా అద్దెదారు ఆయన, అంటే పీత. ఆయన జంతువు కాదు కాబట్టి ఏడో షరతు వర్తించదు. ఆయన తరఫున పనులు చూసుకోడానికి ఒక మనిషి ఉండవచ్చని పన్నెండో షరతు దిద్దాను. ఆ మనిషివి నువ్వు. మేత, నీళ్లు నీ బాధ్యత. ఆయనకి ఏ ఇబ్బంది కలిగినా నెలలో నువ్వు ఖాళీ చేయాలి, ఆయన ఉంటారు. పగడాలు కావాలంటే రెండో తొట్టి తెచ్చుకో, నేను అడ్డం చెప్పను. దానికీ పరదా కుట్టి ఇస్తాను.

సంతకం పెట్టి పంపు. ఆయన సంతకం నేను పెట్టేశాను.

ఇట్లు,
మీ ఇద్దరి ఓనరు

తా.క.: నిన్న ఆయన అడుగున వెల్లకిలా పడి ఉన్నారు. నేను వేసిన మేత ఎక్కువై ప్రాణం పోయిందనుకున్నాను. స్టూలు మీదే గంటసేపు ఏడ్చాను. అంతలో రాతి వెనక నుంచి, మెత్తగా, కొత్తగా, ఇంకాస్త పెద్దగా ఆయనే వచ్చి నన్ను చూశారు. అడుగున పడున్నది, పాము కుబుసం విడిచినట్టు ఆయన విడిచిన చొక్కా అన్నమాట! టేపు పెట్టి చూశాను, రెండు మిల్లీమీటర్లు పెద్ద సైజు. నలభై ఏళ్లలో ఎంతమంది పనివాళ్లని చూశానో, కొలత లేకుండా, అతుకు లేకుండా ఒంటికి సరిపడా కుట్టుకున్నవాణ్ణి ఎక్కడా చూడలేదు. అలాంటి పనివాణ్ణి వల వేసి పట్టిస్తావా? పాత చొక్కా నా గుండీల డబ్బాలో ఉంది. అడగకు, ఇవ్వను.