బువ్వ కోసం అర్జీ

1926 ఫిబ్రవరి 4, గురువారం

మళ్ళీ కచేరీకి. మళ్ళీ శిరస్తాదారు గారి బల్ల ముందు నిలబడ్డం. ఆయన అర్జీని తిరగేసి, బోర్లేసి చూశారు.

"పేరు సన్యాసిరావు. అడిగేది పెళ్ళాం" అన్నారు. గుమాస్తాలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే కాయితం కదలదు.

"ఈ సయాం ఏ జిల్లాలోదయ్యా?"

జిల్లా కాదండీ, వేరే దేశం, వాళ్ళకి వేరే రాజు గారున్నారండీ అన్నాను. ఆయన కలం కింద పెట్టేశారు. వేరే రాజు గారంటే ఈ కచేరీ వల్ల అయ్యే పని కాదట. అర్జీ మాత్రం ఇక్కడే ఇవ్వాలట.

ఫిబ్రవరి 6

పెళ్ళయినట్టు రుజువు కావాలట. సర్టిఫికెట్టు లేదండీ, పెద్దలు మా ఇద్దరి చేతుల మీదా శంఖంతో నీళ్ళు పోశారు, మణికట్టుకి దారాలు కట్టారు, బాంకాకులో అందరికీ అలాగే చేస్తారు అని చెప్పాను.

"నీళ్ళు పోస్తే పెళ్ళెలగవుతాదయ్యా?"

"మనకి బియ్యం పోస్తే అవుతంది కదండీ."

అనకుండా ఉండాల్సింది. అర్జీ వెనక్కి.

ఫిబ్రవరి 9

ప్లీడరు గారి దగ్గర టైపు కొట్టడంలో ఒక సుఖం ఉంది — సలహా ఊరికే దొరుకుతుంది. ఒక కష్టం కూడా ఉంది — ఆ సలహా ఆగదు. ఈ రోజు పొద్దుటంతా నా గొడవే. కక్షిదారులు అరుగు మీద కూచుని విన్నారు.

భార్యగా తెచ్చుకోవచ్చునట. బ్రిటిషు ప్రజనైన నన్ను కట్టుకుంది గనక తనూ బ్రిటిషు ప్రజే, నా పాస్‌పోర్టు మీదే రావచ్చు — రుజువుంటే. లేదూ, సయాం పాస్‌పోర్టు మీద, అక్కడి బ్రిటిషు కాన్సలు గారి ముద్ర వేయించుకుని చుట్టపుచూపుగా రావాలి. దానికి ఇక్కడ పోలీసు ఎంక్వైరీ. మన్యం కొండల్లో పితూరీ గొడవలైన దగ్గర్నించి నర్సీపట్నంలోకి కొత్త మనిషి వస్తే స్టేషన్లో చెప్పాల్సిందేనట. అదీ కాకపోతే ఎవరైనా దొరసాని వెంట ఆయాగా...

"దొరసానిని ఎక్కణ్ణించి తెమ్మంటారండీ?"

"అవి నీ పాట్లు."

చుట్టపుచూపే ఖాయం. కట్టుకున్నదాన్ని చుట్టంలా పిలుచుకోవడానికి అర్జీ నేనే టైపు కొట్టాను.

ఫిబ్రవరి 10

ఇంక దాచి లాభం లేదు. పోలీసులు ఇంటికొచ్చి అడిగేలోపు నేనే చెప్పాలి. భోజనాల దగ్గర అమ్మకి చెప్పేశాను. బాంకాకు బియ్యం మిల్లులో పనిచేసినప్పుడు ఒకమ్మాయిని చేసుకున్నాను, ఇల్లు చక్కబెట్టుకుని తీసుకెళ్తానని మాటిచ్చి వచ్చాను, అని.

గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. తరవాత —

"పేరేటిరా దాందీ?"

"బువ్వ."

"వడ్డిస్తన్నాను కదేటి, ముందు పేరు సెప్పు."

"అదే అమ్మా పేరు. బువ్వ. వాళ్ళ భాషలో తామర పువ్వు."

గిన్నె అక్కడే వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. నా కోసం చూసిన రావికమతం సంబంధం వాళ్ళకి వచ్చే వారం రమ్మని కబురెట్టిందట. నాతో చెప్పలేదు. నేనూ ఏదీ చెప్పలేదు కదా.

ఫిబ్రవరి 13

అమ్మ మాట్లాడ్డం లేదు. చారులో ఉప్పూ లేదు.

ఫిబ్రవరి 15

మాట్లాడింది. "అక్కడోళ్ళు ఏటి తింటారు?"

"అన్నమే."

"మూడు పూటలా?"

"మూడు పూటలా."

"అయితే మనుషులే" అంది. చారులో ఉప్పు పడింది.

మార్చి 2

అర్జీ పై కచేరీకి వెళ్ళిందట. ఎంత పైకో ఎవరికీ తెలీదు.

బువ్వ దగ్గర్నించి జాబు లేదు. తనకి ఇంగ్లీషు రాదు, నాకు సయాం అక్షరాలు రావు. మిల్లులో ఉన్న అరవ గుమాస్తా గారు తన మాటలు ఇంగ్లీషులో రాసి పంపిస్తారు. "నీ భార్య కుశలముగా నున్నది. మామిడికాయలు వచ్చినవి. ఇట్లు తమ విధేయుడు." నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడా విధేయుడు కూడా రాయడం మానేశాడు.

మార్చి 21

జాబు లేదు. పోస్టుమాను నన్ను చూసి సందు మార్చేస్తున్నాడు.

మార్చి 30

తనకి విసుగొచ్చేసిందేమో... ఎందుకు రాదు? కాయితాలు వస్తాయి వస్తాయి అని ఎన్నాళ్ళు చెబుతాను? అక్కడ తనని అడిగేవాళ్ళు లేరా? పడవల మీద పళ్ళు అమ్మే ఆ పొడుగాటి మనిషి — నేనుండగానే తనకి ఊరికే పళ్ళిచ్చేవాడు.

ఏప్రిల్ 2

ప్లీడరు గారి దావాలో ప్రతివాది పేరు దగ్గర బువ్వ అని టైపు కొట్టేశాను. ఆయన చదువుకుని, కొత్త కాయితం ఇచ్చారు.

ఏప్రిల్ 17, శనివారం

వచ్చేసింది.

మెల్లిగా రాస్తాను. మధ్యాహ్నం నర్సీపట్నం రోడ్డు రైలు స్టేషను నించి వచ్చే ఎడ్లబండి మా ఇంటి ముందు ఆగింది. నేత చీర గోచీ పోసి కట్టుకున్న ఒకావిడ దిగింది. నెత్తిన మూట. ఎండకి మొహం నల్లబడి ఉంది. ఎవరో కూలి మనిషి అనుకున్నాను. మూట దించి నా వైపు చూసింది. బువ్వ.

అమ్మ బయటికి వచ్చింది. బువ్వ మోకాళ్ళ మీద కూచుని, చేతులు జోడించి, నుదురు నేలకి ఆనించి, ఎంతో వినయంగా అంది కదా —

"ఏటే ముసిల్దానా! బాగున్నావేటే?"

బండివాడు ఎడ్ల పగ్గాలు వదిలేశాడు. అమ్మ నోరు తెరిచింది, మూసింది, కొంగు అడ్డం పెట్టుకుంది. కోపమనుకున్నాను. కాదు. నవ్వాపుకోలేక అరుగు మీద కూలబడిపోయింది.

ఓడ డెక్కు మీద రంగూను నించి తిరిగొస్తున్న శ్రీకాకుళం ఆడకూలీలు నేర్పించారట. అత్తగారిని చాలా గౌరవంగా పలకరించే మాట ఇదేనని చెప్పారట. దారంతా వల్లె వేసుకుందట పాపం.

ఏప్రిల్ 18

ఎలా వచ్చావని అడిగాను. సగం సయాం మాటల్లో, సగం ఓడ తెలుగులో చెప్పింది. వాళ్ళ మావయ్య ఎడ్లు అమ్మే మనిషి. ఆ ఎడ్ల వెంట కొండలు దాటి బర్మాలోకి, అక్కణ్ణించి పడవ మీద మౌల్మేను, తరవాత రంగూను, విశాఖపట్నం. ఎక్కడా ఎవరూ కాయితం అడగలేదట.

ప్లీడరు గారితో చెబితే నెత్తి కొట్టుకున్నారు. "బర్మా మన ఇండియాలోదే కదయ్యా! రంగూను నించి వచ్చేవాడికి పాస్‌పోర్టేంటి? ఈ దారి నాకు తట్టనే లేదు."

చట్టపుస్తకాలన్నీ తిరగేసిన ఆయనకీ తట్టలేదు, ఆయన దగ్గర ఏడాది టైపు కొట్టిన నాకూ తట్టలేదు.

"ఎందుకింత కష్టపడ్డావు? కాయితం వచ్చేది కదా" అన్నాను తనతో.

"నువ్వు కాయితం కోసం సూస్తన్నావు. నేను నీ కోసం సూస్తన్నాను. ఏది బేగి అవుద్ది?" అంది.

పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఏప్రిల్ 20

చిక్కు. సయాంలో ఉన్న మనిషిని రానివ్వండి అని అర్జీ పైన ఉంది. ఆ మనిషి మా పెరట్లో గోంగూర కోస్తోంది. అర్జీ వెనక్కి తీసుకుంటే ఎందుకని అడుగుతారు. కాయితం లేకుండా సయాం నించి బర్మాలోకి దిగింది గనక, స్టేషన్లో చెబితే మళ్ళీ ఓడ ఎక్కిస్తారు. ప్లీడరు గారి మాట — "ఊరుకో. పైకెళ్ళిన అర్జీ కిందకి రాదు."

జూన్ 11, శుక్రవారం

వచ్చింది. హెడ్ కానిస్టేబుల్ రూపంలో.

మంచి మనిషి హెడ్డు గారు. పెద్ద మీసం, మెల్లని గొంతు. అరుగు మీద కూచుని ఎంక్వైరీ మొదలెట్టారు. సయాం మనిషి వస్తే ఎక్కడుంటాది? ఏటి తింటాది? ఎవరు చూసుకుంటారు? నేను జవాబులు చెబుతుంటే బువ్వ మజ్జిగ పట్టుకొచ్చేసింది. ఆపేలోపు ఎదురుగా నిలబడింది.

"ఈ అమ్మాయెవరండీ?"

గుమ్మంలోంచి అమ్మ — "మా సెల్లి కూతురు బాబూ. రంగూన్లో పుట్టింది. తెలుగు అంతంత మాత్రం."

"నీ పేరేటమ్మా?"

"బువ్వ" అంది.

"ఆకలేస్తందంటంది" అంది అమ్మ గబగబా.

హెడ్డు గారు మీసం దువ్వుకుని, "ముందు పిల్లకి పెట్టండమ్మా, ఎంక్వైరీకేటి, ఎప్పుడైనా సేసుకోవచ్చు" అన్నారు. ఆయన చూస్తుండగా బువ్వ ఆకు ముందు కూచుని గోంగూర కలుపుకుని తింది. అప్పుడే తిని లేచిందేమో, ఒక్కో ముద్దా కష్టం మీద దిగింది. హెడ్డు గారు పెన్సిలు నములుతూ, "అంతా బాగానే ఉంది గానీ, సయాం మనుషులు మన తిండి తినగలరంటారా?" అని నన్ను అడిగారు.

అలవాటు పడతారండీ అన్నాను.

రావడానికి అభ్యంతరం లేదని రాసుకుని వెళ్ళారు.

జూన్ 12

పొద్దున్న లేచేసరికి అర్థమైంది. అమ్మ చెల్లెలి కూతురంటే నాకు చెల్లెలు!

"అన్న కూతురంటే సరిపోయేది కదే అమ్మా! మేనరికం అయ్యేది. రేపో మాపో బలిఘట్టం గుళ్ళో మూడు ముళ్ళు వేసేసేవాణ్ణి."

"నాకు అన్న లేడు కదరా. అబద్ధమాడినా నమ్మేలాగ ఉండొద్దేటి?"

చెల్లెలు మాత్రం ఉందేంటి! లేదు. అయినా అమ్మకి తన అబద్ధం మీద గట్టి నమ్మకం.

జులై 4

వీధంతా పాకిపోయింది. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు బువ్వని "సన్యాసిరావు సెల్లి" అంటున్నారట. వాకిట్లో నేను చెల్లెల్ని పిలిచినట్టు "అమ్మీ" అని పిలవాలి. పిలిచాను. తను నీళ్ళ బిందె దించి నా మొహంలోకి చూసింది. నవ్వలేదు.

జులై 5

ఈ రోజు అన్నం ముట్టలేదు. అమ్మ బతిమాలింది. నేను బతిమాలాను.

"ఇంట్లో పెళ్ళాం. వాకిట్లో సెల్లి. కాయితంలో సయాంలో ఉన్న మనిషి. నేను ఎవరు?"

ఆట కాదిది. ఇన్నాళ్ళూ నేనే ఆటలా తీసుకున్నాను. అన్ని కొండలు ఎక్కి దిగి వచ్చింది నా చెల్లెలు అనిపించుకోడానికా?

ఆగస్టు 19

పర్మిషను వచ్చింది! ఎర్ర ముద్రతో. బువ్వ అనే సయాం స్త్రీ నర్సీపట్నం వచ్చి ఉండవచ్చును — తాను స్వయంగా బాంకాకులో కాన్సలు గారి ముందు హాజరై ముద్ర వేయించుకున్న మీదట.

ప్లీడరు గారు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. "అంటే... వచ్చిన మనిషి రావడానికి ముందు వెళ్ళాలన్నమాట."

బువ్వకి చెప్పాను. వంకాయలు తరుగుతోంది. "ఎల్లను" అంది. తరగడం ఆపలేదు.

ఆగస్టు 23

హెడ్డు గారు బజార్లో కావలించుకున్నారు. "కాయితంలో సుట్టం అన్నా, మీ ఆవిడొస్తంది కదండీ! నా రిపోర్టు వల్లే. రైలు స్టేషనుకి నేనూ వస్తాను, సెప్పండి ఎప్పుడో." అప్పటినించి కనిపించినప్పుడల్లా అడుగుతున్నారు. ఓడ ఆలస్యం అన్నాను. తుఫాను అన్నాను. సయాం రాజు గారికి ఒంట్లో బాగాలేదని కూడా అన్నాను. దేవుడా!

సెప్టెంబరు 2

హెడ్డు గారు ఇంటికొచ్చారు. యూనిఫారం లేకుండా, ఉతికిన కండువాతో. అప్పుడే అనుమానించాల్సింది.

వాళ్ళ అక్క గారి అబ్బాయి రావికమతం బోర్డు స్కూల్లో మేష్టరట. మా చెల్లెలికి అడగడానికొచ్చారు. గోంగూర తింటున్నప్పుడే అనుకున్నారట, నెమ్మదైన పిల్లని. ఆదివారం అక్క గారిని తీసుకొస్తారట.

ఆయన వెళ్ళాక అమ్మ — "కుర్రోడికి పదెకరాల జీడితోట కూడా ఉందట్రా."

"అమ్మా!"

"ఊరికే అన్నాన్రా."

సెప్టెంబరు 4

ప్లీడరు గారు, అమ్మ, నేను — గది తలుపేసుకుని సభ. పిల్లకి జాతకం కుదరలేదందామని అమ్మ. రాత్రికి రాత్రి రంగూను పంపేద్దామని ప్లీడరు గారు. నిజం చెబితే బువ్వని పంపేస్తారు, తప్పుడు రిపోర్టు రాశారని హెడ్డు గారి ఉద్యోగం పోతుంది. నాది సరేసరి. ఆ మంచి మనిషికి పిల్లలు కూడా ఉన్నారు.

బువ్వ ఒక మూల కూచుని అందరి మాటా వింది. ఇప్పుడు తెలుగు బాగా వచ్చేసింది తనకి, మేమే మర్చిపోతాం. చివరికి అంది — "మీరు ముగ్గురూ మాట్లాడద్దు. ఆయనతో నేను సెప్తాను."

వద్దన్నాను. కాదన్నాను. గట్టిగా అరిచాను కూడా.

"నన్ను నువ్వు తేలేదు. నేనే వచ్చినాను" అంది.

ప్లీడరు గారు లేచి తలుపు గడియ తీశారు.

సెప్టెంబరు 5, ఆదివారం

హెడ్డు గారూ, వాళ్ళ అక్క గారూ అరుగు మీద కూచున్నారు. అరటిపళ్ళు తెచ్చారు. నన్ను బువ్వ గదిలోంచి రావద్దంది. కాలు నిలవడం లేదు, అందుకే రాస్తున్నాను.

తలుపు సందులోంచి కనబడుతోంది. అమ్మ గుమ్మానికి అతుక్కుపోయింది. బువ్వ వెళ్ళి వాళ్ళ ఎదురుగా కూచుంది. తల దించలేదు.

"బాబూ, నేను సన్యాసిరావు సెల్లిని కాను. పెళ్ళాన్ని. సయాం నించి వచ్చేసినాను. ఆ రోజు మీరు రాసుకున్నది నా గురించే."

అక్క గారి చేతిలో విసనకర్ర ఆగింది. హెడ్డు గారు మీసం మీద చెయ్యి వేశారు. తియ్యడం లేదు.





నవ్వా అది? దగ్గా? అక్క గారిదా?

హెడ్డు గారు లేచి నిలబడ్డారు. కండువా దులుపుకుంటున్నారు. "సన్యాసిరావు గారూ" అని పిలుస్తున్నారు. గొంతు మెల్లగానే ఉంది. ఆయన గొంతెప్పుడూ మెల్లగానే ఉంటుంది...

"బేగి రండి బయటికి. మీ ఆవిడొచ్చేసింది."

వెళ్తున్నాను.