బావి నీళ్ల సాక్ష్యం

మంగళవారం, కర్నూలు

నవలలో బావి హత్య ఎలా రాయాలో తెలుసుకుందామని ఇవాళ రిటైరైన ఫోరెన్సిక్ డాక్టరు గారిని కలిశాను. చంపి నీళ్లలో పడేస్తే తెలుస్తుందా అని అడిగాను.

"తెలుస్తాదమ్మా. ప్రాణంతో మునిగితే నీళ్లలో ఉండే, కంటికి కనపడని నాచు ఎముకల మూలుగదాకా పోతాది. చచ్చినాక పడేస్తే పోదు."

"పూడ్చి నాలుగేళ్లయితే?"

"తొడ ఎముక చెడకుంటే చూడొచ్చు. మీ నవల్లో అంత లేటుగా తవ్వుతారా?"

దండం పెట్టి లేచొచ్చేశాను. నాలుగేళ్ల కిందట వేంపల్లె దగ్గర మా చేనిబావిలో నాన్న శవమై తేలినప్పుడు, కాలుజారి పడ్డాడని అందరికీ చెప్పింది చిన్నాయనే. పోస్టుమార్టం వద్దని పట్టుబట్టి ఆ సాయంత్రమే పూడ్పించిందీ ఆయనే. ముందురోజు చేని గట్టు తగాదాలో నాన్న గొంతు పట్టుకున్నదీ ఆయనే.

ఇంటికి రాగానే ఆయనకే ఫోన్ చేశాను.

"ఏం పాపా, ఏం రాస్తాండావు?"

"బావిలో చచ్చినాయన సమాధి తవ్వే కథ, చిన్నాయనా. ఎముకలు అన్నీ చెప్పేస్తాయంట."

"యా... యా సమాధి పాపా?" అన్నాడు తడబడుతూ. నేను చెప్పేలోపే ఫోన్ పెట్టేశాడు. ఆయన భయపడడం విని నాకు కడుపు నిండినట్టయింది.

అన్నం ముందు కూర్చున్నాక దిగులు పట్టుకుంది. నాకంటే ముందే ఆయన తవ్వి ఎముకలు మాయం చేస్తే? అనవసరంగా నోరు జారానేమో. పైగా అన్నం వడ్డిస్తున్న అమ్మకు ఎలా చెప్పేది?

చెప్పాను. అమ్మ ఏడవలేదు.

"పోలీసులకు నువ్వు చెప్పు. వాళ్లొచ్చేదాకా సమాధి కాడ నేను కూర్చుంటా. వేంపల్లెకు ఫస్టు బస్సు ఎన్నింటికి?" అంది.