వరికుచ్చు ముడి

ఏమండీ, జగదల్‌పూర్ బస్సుకి టైమైపోయింది, వెళ్తున్నాను. డ్యూటీ నుంచి రాగానే అన్నం తినండి, పప్పు కుక్కర్లో ఉంది. పక్షుల మూకుట్లో నీళ్ళు మార్చండి, ఎండ ముదురుతోంది.

వెనక వరండాలో కొక్కేనికి వేలాడే మీ పాత మైను హెల్మెట్ మాత్రం ముట్టుకోకండి. అందులో ఉడత గూడు కడుతోంది. పిచ్చుకల కోసం కట్టిన వరికుచ్చు రోజూ కింద పడుతుంటే "నీకు ముడి వెయ్యడం కూడా రాదు" అన్నారు కదా! పొద్దున మీరు వెళ్ళాక కాపు కాసి చూశాను. పిచ్చుకలు గింజలు తింటుంటే ఈ ఉడత పైన కూర్చుని కుచ్చు కట్టిన కొబ్బరితాడు కొరుకుతోంది. సంతలో తెచ్చిన ఇప్పపూలు పెట్టినా అటు చూడలేదు. పీచంతా నోట్లో కుక్కుకుని హెల్మెట్‌లోకి దూరింది. పిల్లల్ని పెట్టబోతోందేమో!

ఇప్పుడు రెండు కుచ్చులు కట్టాను. ఒకటి కొబ్బరితాడుతో, ఇంకోటి గోనె పురికొసతో. దానికి ఏది నచ్చుతుందో టీ తాగుతూ చూసి, రాత్రి నేను వచ్చాక చెప్పండి.

తులసి

మర్చిపోయాను. ఈసారి కుచ్చు కింద పడితే ఉడతను తిట్టకండి. దానికి తాడు సులువుగా రావాలని ముడి నేనే వదులుగా వేశాను.